నవలా ప్రేమకథ రంగస్థలానికి వస్తే: ఆడిషన్‌కు వెళ్ళే మన సరిహద్దు పిల్లలు తెలుసుకోవలసినవి

దీపావళి వెళ్ళి వరికోతలు పూర్తి అయ్యే వేళకు మన ప్రాంతపు పల్లెలలో నాటకాల ఋతువు మొదలవుతుంది. గోడలమీద రంగురంగుల ప్రకటన పత్రాలు వెలుస్తాయి. వాటిని చూచిన పిల్లలలో ఒకరో ఇద్దరో ఇంటికి వచ్చి, తామూ వేషం వేస్తామని, పాత్రధారుల ఎంపిక జరుగుతున్నదని, పంపించమని అడగడం ఇప్పుడు వింత కాదు. అడిగిన వారిలో ఆడపిల్లలూ ఉంటున్నారు. అప్పుడు తల్లిదండ్రులకు కలిగే సందేహాలు న్యాయమైనవే. ఎంపిక అంటే ఏమి చేస్తారు? ఇంట తెలుగు, బడిలో మరాఠీ అయిన బిడ్డకు అక్కడ అవకాశం ఉంటుందా? ప్రేమకథ అంటున్నారు, ఎటువంటి నాటకమో? రాత్రివేళ ప్రయాణాల మాట ఏమిటి? ఈ ప్రశ్నలకు తెలిసినంత మేరకు సమాధానం చెప్పుటకే ఈ వ్యాసం.

ముందుగా మన రంగస్థలం సంగతి. విదర్భ తూర్పు భాగంలోని చంద్రపూర్, గడ్చిరోలి, భండారా, గోందియా జిల్లాల ప్రాంతాన్ని ఝాడీపట్టీ అంటారు. ఝాడీ అనగా చెట్లు, అడవి. ఈ అడవిసీమలో పెరిగిన నాటక సంప్రదాయమే ఝాడీపట్టీ రంగభూమి. దీనికి గడ్చిరోలి జిల్లాలోని వడసా కేంద్రం. నాటక కంపెనీల కార్యాలయాలు అక్కడ వరుసగా ఉంటాయి. పల్లెల నుంచి ఉత్సవ మండళ్ళవారు వచ్చి, పత్రాలు చూచి, నటీనటుల పేర్లు చదివి, తేదీ కుదుర్చుకొని వెళతారు. దీపావళి తరువాత మొదలై హోళీ వరకు ఈ ఋతువు సాగుతుంది. పంట చేతికి వచ్చి చేతిలో నాలుగు డబ్బులు ఉండే కాలం అదే. ఎడ్ల పందేలు జరిగే శంకరపట్, ఊరి మండయి జాతర కూడా అప్పుడే. రాత్రి భోజనాలయ్యాక మొదలైన నాటకం తెల్లవారుజాము దాకా నడుస్తుంది. బంధువులు ఊరికి వస్తారు, పెండ్లి మాటలు కూడా ఆ రాత్రి కదులుతాయి.

ఈ రంగస్థలానికి చెందిన గడ్చిరోలి జిల్లా నటుడు పరశురామ్ ఖుణే గారికి 2023లో పద్మశ్రీ లభించింది. ఆయన 5,000కు పైగా ప్రదర్శనలలో 800 వరకు పాత్రలు ధరించారని ఆ సందర్భంగా ప్రకటించారు. ఒక మనిషి జీవితంలో ఎనిమిది వందల పాత్రలు! పట్టణాలలో పేరుపొందిన నటులకు సైతం దుర్లభమైన సంఖ్య యిది. పల్లె నాటకమని చులకనగా మాట్లాడేవారు ఈ అంకెను ఒకసారి తలచుకొంటే మంచిది.

ఇక నవల సంగతికి వద్దాము. ప్రేమకథా నవలను నాటకంగా మలచడం కొత్త విషయం కాదు. మరాఠీలో శ్రీ.నా. పెండ్సే గారు 1952లో ప్రచురించిన 'గారంబీచా బాపూ' కొంకణ పల్లెలోని బాపూ, రాధల కథ. ఊరి కట్టుబాటును ఎదిరించిన ఆ జంట పుస్తకం నుంచి మరాఠీ రంగస్థలం మీదికి నడచివచ్చి అక్కడా ఆదరణ పొందింది. ఆంగ్లంలో జేన్ ఆస్టెన్ 1813లో ప్రచురించిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నవల సంగతి మరీ చిత్రమైనది. ఆ కథ మన యిండ్లకు ఎంతో దూరమైనది కాదు. ఐదుగురు ఆడపిల్లల తండ్రి. ఆస్తి ఆడపిల్లలకు చెందదు, తండ్రి తరువాత దాయాదికి పోతుంది. కావున పిల్లలకు ఏదో ఒక సంబంధం కుదర్చాలని తల్లి ఆరాటం. రెండవ కూతురు ఎలిజబెత్‌కు ధనవంతుడైన డార్సీ మీద తొలిచూపులోనే అసహ్యం కలిగి, క్రమంగా అది ప్రేమగా మారడం కథాంశం. పేర్లు మార్చి చెబితే మన ప్రక్క ఊరి కథ అనుకొంటారు.

ఈ నవలను స్కాట్లాండుకు చెందిన ఇసొబెల్ మెక్‌ఆర్థర్ అనే రచయిత్రి 2018లో గ్లాస్గో నగరపు ట్రాన్ థియేటర్ కోసం కొత్త పద్ధతిలో నాటకంగా వ్రాసింది. మొత్తం ఐదుగురు నటీమణులే. వారు ఆ యింటి పనిమనుషులుగా రంగం మీదికి వచ్చి, యజమానుల ప్రేమకథను తామే వేషాలు మార్చుకొంటూ చెబుతారు. మగపాత్రలూ వారే ధరిస్తారు. నడుమ నేటి పాటలు పాడుతారు. 2021లో ఆ నాటకం లండన్ చేరింది, 2022లో హాస్య, వినోద నాటకాల విభాగంలో ఒలివియే పురస్కారం పొందింది. కథను అంట్లు తోమే చేతుల వైపు నుంచి చెప్పడం నాకు మిక్కిలి నచ్చిన సంగతి. పెద్ద యిండ్ల ప్రేమలలో ఉత్తరాలు మోసినవారిని, దీపాలు వెలిగించినవారిని పాత కథకులు అంతగా పట్టించుకోలేదు గదా!

ఇటువంటి నాటకానికి ఎంపిక జరిపేటప్పుడు ముఖసౌందర్యం చూచి నాయికను తీసుకోవడం కుదరదు. ఒకే మనిషి క్షణంలో తల్లి, మరుక్షణంలో ప్రియుడు కావలసి ఉంటుంది. గొంతు మార్చగలదా, నడక మార్చగలదా, పాట అందుకోగలదా, ప్రక్కవారు తడబడితే ఆదుకోగలదా అనేవి పరీక్షిస్తారు. అనగా ఏ నాటకానికి వెళుతున్నారో దాని స్వభావాన్ని బట్టి ఎంపిక ఉంటుంది. ఈ సంగతి తెలియక, ఎక్కడికి వెళ్ళినా సినిమాలోని ఒకే ఏడుపు సన్నివేశాన్ని అప్పచెప్పి వచ్చే పిల్లలు ఎందరో.

మనకు బాగా తెలిసిన కథతో దీనిని వివరిస్తాను. శరత్‌చంద్ర చటోపాధ్యాయ గారి 'దేవదాసు' 1917లో పుస్తకంగా వచ్చింది. తెలుగువారికి 1953లో వేదాంతం రాఘవయ్య గారి దర్శకత్వంలో అక్కినేని, సావిత్రి నటించిన చిత్రం ద్వారా అది ఇంటి కథ అయిపోయింది. ఈ నవలను నేటి కాలానికి మార్చి నాటకంగా వేస్తున్నారనుకొందాము. జమీందారు కొడుకు దేవదాసు బల్లార్‌పూర్‌లో గుత్తేదారు కొడుకు అవుతాడు. కలకత్తా బదులు నాగపూర్. పార్వతి పక్కింటి అమ్మాయే, కాని ఇప్పుడు ఆమె పన్నెండవ తరగతి చదివింది. ఇంతవరకు సులువు. కష్టం ఉత్తరం దగ్గర వస్తుంది. నవలలో దేవదాసు పట్నం వెళ్ళి పార్వతికి నిరాశ కలిగించే ఉత్తరం వ్రాసి, వెంటనే పశ్చాత్తాపపడి తిరిగి వస్తాడు. ఉత్తరం టపాలో వెళ్ళేందుకు పట్టే ఆ రెండు రోజుల వ్యవధిలోనే వారి జీవితాలు తారుమారవుతాయి. నేడు ఫోను ఉన్నది. పంపిన మాట క్షణంలో చేరుతుంది, తుడిచివేయనూ వచ్చు. కాని ఆమె చదివినట్లు నీలి గీతలు పడినాయి, తరువాత తుడిచి ఏమి లాభం? నాటకకర్త ఈ విధంగా ఆలోచిస్తాడు. నటులకు కూడా పరీక్ష అక్కడే. నవలా కాలంలో నటుడు ఉత్తరం వ్రాస్తూ నిట్టూరుస్తాడు. నేటి నాటకంలో చేతిలోని ఫోనును చూస్తూ, ఒక్క మాటైనా లేకుండా, పంపనా వద్దా అనే సంకోచాన్ని ముఖంలో చూపవలసి ఉంటుంది. ఆడిషన్‌లో మాటలు లేని ఇటువంటి ఘట్టాన్ని ఇచ్చి చూచే దర్శకులు ఉన్నారు.

అదే నవలలో పార్వతి అర్ధరాత్రి వేళ దేవదాసు గదికి తానే వెళ్ళి తన్ను పెండ్లాడుమని అడుగుతుంది. నూరేండ్ల క్రిందట ఒక ఆడపిల్ల చేసిన సాహసం అది. ఈ ఘట్టాన్ని చదువుమని యిస్తే చాలామంది అమ్మాయిలు ఏడుస్తూ, కాళ్ళు పట్టుకొంటూ చదువుతారు. నవలను శ్రద్ధగా చదివినవారికి తెలుస్తుంది, ఆ రాత్రి భయపడినవాడు దేవదాసు. పార్వతి తెగించి వచ్చింది, ఎవరైనా చూస్తే ఏమగునని ఆందోళన అతనిదే. తరువాత చెరువు గట్టున ఆమె తిరస్కరించినప్పుడు గేలపు కర్రతో ఆమె నుదుట గాయం చేసినవాడూ అతనే. ఈ దెబ్బను ప్రేమచిహ్నంగా చూపించిన కాలం ఒకటి ఉండెను. నేటి నాటకంలో దానిని అట్లే చూపడం తగదని నా అభిప్రాయం. దర్శకుడు అడిగితే, పార్వతి వేషానికి వచ్చిన అమ్మాయి తన అభిప్రాయం నిస్సంకోచంగా చెప్పవచ్చు. అటువంటి సంభాషణను ఇష్టపడే దర్శకుల వద్ద పనిచేయడమే మేలు.

మూలనవల చదివి వెళ్ళుట అన్నిటికంటె ముఖ్యం. సినిమా చూచి వెళ్ళినవారు అక్కినేని వలె దగ్గుతారు, సావిత్రి వలె చూస్తారు. అనుకరణ ఎంత బాగున్నా అది మరొకరి పని. అన్నట్టు అక్కినేని నాగేశ్వరరావు గారు కూడా నాటకరంగం నుంచి వచ్చినవారే. బాల్యంలో ఆడవేషాలు వేసేవారు. బెజవాడ రైలు స్టేషనులో ఘంటసాల బలరామయ్య గారి కంటబడి, 1944లో వచ్చిన 'శ్రీ సీతారామ జననం'లో రాముని పాత్రకు ఎంపికయ్యారు. స్టేషనులో జరిగిన ఎంపిక! నేడు అటువంటివి ఆశించి బల్లార్షా స్టేషనులో నిలబడవద్దని పిల్లలకు మనవి.

ఆడవేషం మాట వచ్చింది కనుక ఒక సంగతి చెప్పవలెను. నూరేండ్ల క్రిందట ఇటు తెలుగు నాటకంలోను అటు మరాఠీ నాటకంలోను స్త్రీ పాత్రలను ఎక్కువగా పురుషులే ధరించేవారు. తెలుగులో స్థానం నరసింహారావు గారు సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా ప్రసిద్ధులు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మరాఠీలో బాలగంధర్వగా పేరుపొందిన నారాయణరావు రాజహంస చీరకట్టును చూచి గొప్పయింటి స్త్రీలు అనుకరించేవారని చెప్పుకొంటారు. కులస్త్రీలు రంగమెక్కరాదనే కట్టుబాటు దీనికి కారణం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజంలో మాత్రం కుటుంబాలే సమాజం కావడం వలన భార్యలు, కూతుళ్ళు, కోడళ్ళు తొలినాళ్ళ నుంచే రంగం మీద నిలిచారు. తండ్రి హార్మోనియం ముందు, తల్లి వేషంలో, బిడ్డ తెర చాటున ఉయ్యాలలో. అందుచేత అక్కడ ఆడపిల్ల భద్రత గురించి వేరుగా చర్చ అవసరం కాలేదు. ఇప్పుడు మన పిల్ల ఒంటరిగా పరాయివారి బృందంలోకి వెళుతున్నది గనుక ఆ చర్చ మనమే చేయవలసి వస్తున్నది.

ఎంపిక నాడు ఏమి జరుగుతుంది? సాధారణంగా ముందు ఒక పత్రం నింపిస్తారు. పేరు, వయస్సు, ఎత్తు, తెలిసిన భాషలు, పాట, నృత్యం, వాయిద్యం, ఏ ఏ రోజులలో రాగలరు అనేవి అందులో ఉంటాయి. చివరి ప్రశ్నకు నిజం వ్రాయవలెను. పాత్ర పోతుందేమోనని అన్ని రోజులూ వస్తానని వ్రాసి, తరువాత పత్తి ఏరే పనులని మానుకొంటే మొత్తం బృందం నష్టపోతుంది. తరువాత తాము సిద్ధం చేసుకొని వచ్చిన ఒకటి రెండు నిమిషాల ఘట్టం చేయమంటారు. పిమ్మట అప్పటికప్పుడు ఒక కాగితం చేతికి ఇచ్చి చదవమంటారు. ఇందులో తప్పులు చదివినా ఫరవాలేదు. ఎవరితో మాట్లాడుతున్నారో, వారి నుంచి ఏమి కోరుతున్నారో గ్రహించి చదివారా అన్నది చూస్తారు. ఆ తరువాత వచ్చేదే అసలు పరీక్ష. దర్శకుడు ఒక మార్పు చెబుతాడు. "ఇదే మాటలు, కాని నీకు నవ్వు వస్తున్నది, ఆపుకొంటున్నావు" అంటాడు. మొదటిసారి చేసినట్టే రెండవసారీ చేసేవారు అక్కడ మిగలరు. ఎంత గొప్పగా చేశారనే దానికంటె, చెప్పినది విని మార్చుకొన్నారా అన్నదానికే విలువ ఎక్కువ. ఎందుకంటే రేపు నెలరోజుల తాలీములో ఆయన పనిచేయవలసింది ఈ మనిషితోనే.

ప్రేమ నాటకాలలో జంటగా చదివించడం తప్పనిసరి. నాయకుడు బాగున్నా, నాయిక బాగున్నా, ఇద్దరూ కలిసి నిలబడితే కుదరకపోవచ్చు. అందువలన పాత్ర రానివారు తమలో లోపమున్నదని కుమిలిపోనక్కరలేదు. ఒక్కొక్కసారి ఎదుటివారి ఎత్తును బట్టి కూడా నిర్ణయం జరుగుతుంది. జంట ఘట్టంలో తాకడం, కౌగిలించడం వంటివి ఉంటే ముందే చెప్పి, ఇద్దరి అంగీకారంతో, ఇతరులు ఉన్నచోట మాత్రమే చేయించవలెను. ఆడిషన్‌లో, అందునా మొదటి రోజున, అటువంటివి చేయవలసిన అవసరం ఏమీ లేదు. చేయనని చెప్పిన కారణంగా పాత్ర ఇవ్వనివారి పాత్ర మనకు అక్కరలేదు.

ఇక భాష. మన పిల్లలకు దీని గురించే ఎక్కువ బెరుకు. రాజురా ప్రాంతం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, తరువాత నాందేడ్‌లోను, 1959లో చంద్రపూర్‌లోను చేరింది. సిరొంచా వైపు చంద్రపూర్ జిల్లాలోనే ఉండి, 1982లో గడ్చిరోలి వేరుపడినప్పుడు అటు పోయింది. గీతలు మారినా ఇండ్లలో మాట మారలేదు. ఇంట తెలుగు, గోండీ, కొలామీ, లంబాడీ మాట్లాడే పిల్లలు మరాఠీ బడులలో చదువుకొంటున్నారు. వారి మరాఠీ విని "తెలుగు యాస" అని నవ్వేవారు ఉండవచ్చు. వాస్తవం చూస్తే కొన్ని విషయాలలో తెలుగు పిల్లకే సౌలభ్యం. మరాఠీలో 'చ'కారానికి రెండు ఉచ్చారణలు. 'చాంగ్లా' అనేటప్పుడు పలికే దంత్య చకారం హిందీవారికి నోరు తిరగదు. మనకో, 'చలి', 'చాప' అనేటప్పుడు అదే ధ్వని ఉగ్గుపాలతో వచ్చింది. అట్లే 'ళ'కారం, 'ణ'కారం. 'బాళ్', 'పాణీ' అనే మాటలను నేర్చుకొనేందుకు తెలుగు నాలుకకు శ్రమ లేదు.

కష్టం మరొకచోట ఉన్నది. మన అచ్చతెలుగు మాటలలో ఒత్తక్షరాలు అరుదు. కావున 'ఘర్'ను 'గర్' అని, 'భాత్'ను 'బాత్' అని పలుకుతాము. మాట చివర అచ్చు తగిలించే అలవాటు రెండవది. 'ఘర్' కాస్తా 'గరు' అవుతుంది. మూడవది అన్నిటికంటె ప్రమాదకరమైనది, లింగభేదం. తెలుగులో "నేను వెళుతున్నాను" అని ఆడవారైనా మగవారైనా ఒకే విధంగా అంటారు. మరాఠీలో మగవాడు "మీ జాతో" అంటాడు, స్త్రీ "మీ జాతే" అంటుంది. గంభీరమైన వియోగ ఘట్టంలో నాయిక "మీ జాతో" అన్నదంటే ప్రేక్షకులు గొల్లున నవ్వుతారు, అంతటితో ఆ ఘట్టం ముగిసినట్లే. ఈ మూడింటిని రోజూ పావుగంట చొప్పున, ఇంట్లో పెద్ద గొంతుతో చదివి సరిచేసుకోవచ్చు. మరాఠీ బాగా తెలిసిన స్నేహితురాలిని ఎదుట కూర్చోబెట్టుకొంటే మరీ మంచిది.

సంబోధనలు కూడా గమనించదగినవి. పాత మరాఠీ కథలలో భార్య భర్తను పేరుతో పిలువదు, "అహో" అంటుంది. మన "ఏమండీ" వంటిదే. కొత్త పద్ధతి నాటకంలో అదే నాయిక "అరే" అని పేరుపెట్టి పిలవవచ్చు. మొదటి అంకంలో "తుమ్హీ" అన్నది రెండవ అంకంలో "తూ" అయితే, ఇద్దరి మధ్య దూరం అక్కడ తగ్గిందన్నమాట. తెలుగులో "మీరు" నుంచి "నువ్వు"కు జారినప్పుడు మన మనసులో ఏమి జరుగుతుందో గుర్తు తెచ్చుకొని ఆ మాట పలికితే చాలును. కాగితంలో ఇటువంటి చోట్ల పెన్సిలుతో గుర్తు పెట్టుకొనవలెను. నాటక పరిభాషలోనూ కొన్ని మాటలు మనలను తికమక పెడతాయి. మరాఠీలో 'ప్రయోగ్' అంటే ప్రదర్శన, 'ప్రవేశ్' అంటే రంగం, 'తాలీమ్' అంటే రిహార్సల్, 'సంహితా' అంటే నాటక ప్రతి. "రేపు ప్రయోగ్" అంటే కొత్తగా ఏదో ప్రయత్నించి చూస్తారని అనుకొని సిద్ధపడకుండా వెళ్ళరాదు!

ఎక్కడ ప్రయత్నించవచ్చు? మహారాష్ట్ర సాంస్కృతిక కార్య సంచాలనాలయం రాజ్య నాట్య స్పర్ధ అనే అమెచ్యూర్ నాటక పోటీలు నిర్వహిస్తున్నది. మరాఠీతో పాటు హిందీ, సంస్కృతం, సంగీత నాటకం, బాలనాటకం విభాగాలు ఉన్నాయి. ప్రాథమిక పోటీల కేంద్రాలలో చంద్రపూర్ ఒకటి. ఈ పోటీలలో పాల్గొనే స్థానిక సంస్థలకు ఏటా కొత్త నటులు, ముఖ్యంగా నటీమణులు, అవసరమవుతుంటారు. పగలు ఉద్యోగాలు, సాయంత్రం తాలీము. డబ్బు రాదు, పని వస్తుంది. మొదటిసారి వెళ్ళేవారికి ఇదే తగిన చోటు అని నా నమ్మకం. ఝాడీపట్టీ కంపెనీలు వృత్తి సంస్థలు. ఒక్కొక్క ప్రదర్శనకు ఇంత అని పారితోషికం ఉంటుంది. ఋతువుకు ముందే పాత్రలు నిర్ణయమవుతాయి. నాయిక పాత్రలకు నాగపూర్, పుణె, ముంబయి నుంచి కూడా కళాకారిణులు వస్తుంటారు. కొత్తవారికి తొలుత చిన్న పాత్రలే దొరకడం సహజం. శాస్త్రీయంగా చదువదలచినవారికి 1959లో ఏర్పడిన ఢిల్లీ జాతీయ నాటక పాఠశాలలో మూడేండ్ల శిక్షణ ఉన్నది. దానికి డిగ్రీ చదువు, రంగస్థల అనుభవం కావలెను. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళల శాఖ ఉన్నది.

తల్లిదండ్రుల కోసం కొన్ని మాటలు. హోళీ వరకు సాగే నాటకాల ఋతువు, ఫిబ్రవరి, మార్చి నెలలలో జరిగే పదవ, పన్నెండవ తరగతుల బోర్డు పరీక్షలు ఒకదాని మీద ఒకటి పడతాయి. రాత్రంతా మేలుకొని ఉదయం పరీక్ష వ్రాయడం ఎవరివల్లా కాదు. ఆ యేడు వద్దని చెప్పడం పిల్ల ఉత్సాహాన్ని చంపడం కాదు, ఒక ఏడు వాయిదా వేయడం మాత్రమే. పద్నాలుగేండ్లలోపు పిల్లల విషయంలో చట్టం స్పష్టంగా ఉన్నది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం, 2017 నాటి నియమాల ప్రకారం బాల కళాకారులతో రోజుకు 5 గంటలకు మించి పని చేయించరాదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటరాదు, చదువుకు ఆటంకం కలుగరాదు. వచ్చిన ఆదాయంలో కనీసం 20 శాతం బిడ్డ పేరిట జాతీయ బ్యాంకులో డిపాజిట్ చేయవలెను. ఈ మాట నిర్మాతతో మొదటే ప్రస్తావించండి. ఆయన ముఖకవళికలు చూస్తే మీకు చాలా సంగతులు తెలుస్తాయి.

ఆడపిల్లల భద్రతకు 2013 నాటి పనిస్థలాలలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం నాటక బృందాలకూ వర్తిస్తుంది. పదిమంది లేక అంతకు ఎక్కువ మంది పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండవలెను. అంతకు తక్కువైతే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. సంఘటన జరిగిన 3 నెలలలోగా వ్రాతపూర్వకంగా ఇవ్వవలెను. మహిళలకు 181, పిల్లలకు 1098 ఫోను సహాయం ఉన్నది. ఇవి గోడమీద వ్రాసి ఉంచుకోదగిన అంకెలు.

మోసాల విషయం కూడా చెప్పకతప్పదు. "నాయిక పాత్ర ఖాయం, ముందుగా ఇంత పంపండి" అని ఫోనులో అడిగేవారు నాటకం వేసేవారు కారు. ఎంపికకు డబ్బు పంపి మోసపోయినట్లు తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయవలెను, ఆలస్యమైనకొద్దీ డబ్బు దొరకదు. ఆడిషన్ హోటలు గదిలో అన్నా, రాత్రి పదింటికి అన్నా, తోడు ఎవరినీ తీసుకురావద్దన్నా వెళ్ళనక్కరలేదు. నిజమైన ఎంపిక బడి హాలులోనో, సభామందిరంలోనో, పగటివేళ, నలుగురి ఎదుట జరుగుతుంది. తండ్రి గాని అన్న గాని వెంట వస్తే కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఐతే వెంట వెళ్ళిన పెద్దలు లోపలికి వచ్చి, బిడ్డ చదువుతుండగా పెదవులు కదపరాదు. వెలుపల కూర్చొని టీ త్రాగడమే ఉత్తమం.

ఎంపికైనట్లు కబురు వస్తే పొంగిపోయి వెంటనే సరే అనకుండా కొన్ని సంగతులు కాగితం మీద వ్రాయించుకోవలెను. తాలీము ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎన్ని వారాలు? ప్రదర్శనలు ఏ ఏ తేదీలలో? పారితోషికం ప్రదర్శన ముగిసిన రాత్రే ఇస్తారా, ఋతువు చివరనా? భోజనం, బస, వాహనం ఎవరివి? స్త్రీలకు వేరుగా బస, దుస్తులు మార్చుకొనే గది ఉన్నవా? తెల్లవారుజామున ఆట ముగిశాక జివతి, గోండ్‌పిప్రి వంటి చోట్లకు బస్సు ఉండదు గనుక ఇంటిదాకా ఎవరు దింపుతారు? ఈ చివరి ప్రశ్నకు "చూద్దాం లెండి" అన్నది జవాబైతే, బండి ఏర్పాటు, నడిపేవారి పేరు, ఫోను నంబరు వ్రాసి ఇచ్చేదాకా సంతకం చేయవద్దు.